ఎవరికీ ఇవ్వొద్దు!

1970లో సైన్స్ ఫిక్షన్ అభిమానులంతా ఓట్లు వేసి, ఆ యేటి సినిమా బహుమతిని ఏ సినిమాకీ ఇవ్వలేదు. టీవీ వార్తలకిచ్చారు!

నమ్మరు కదూ? అంతకు ముందు జూలైలోనే అపోలో 11 వెళ్ళి చంద్రుడి మీద దిగింది. దాన్ని ఇంట్లో కూర్చుని టీవీలో చూశారు జనం. ఆ యేడు పోటీలో 'మెరూన్డ్' అనే సినిమా కూడా ఉంది. అంతరిక్షంలో చిక్కుకుపోయిన వ్యోమగాముల కథ, గ్రెగరీ పెక్ ఉన్నాడు. పాపం, ఏం లాభం? అసలు సరుకు టీవీలో చూసొచ్చినవాడికి సెట్టింగులేం ఆనతాయి! అభిమానులు ఓటు తీసుకెళ్ళి అపోలో 11 వార్తా ప్రసారాలకి గుద్దేశారు.

ఆ బహుమతి పేరు హ్యూగో. 1926లో 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రిక పెట్టిన హ్యూగో గెర్న్స్‌బ్యాక్ పేరు మీద 1953లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. బొమ్మ రాకెట్టు ఆకారంలో ఉంటుంది. దీనికి జ్యూరీ లేదు. మన నంది అవార్డులకి ప్రభుత్వం కమిటీ వేసేది చూడండి, అలాంటిదేమీ ఉండదు. ఏడాదికో ఊళ్ళో 'వరల్డ్‌కాన్' అని అభిమానుల మహాసభ జరుగుతుంది. దానికి సభ్యత్వం కట్టినవాళ్ళే ఓటర్లు. సభకి వెళ్ళే తాహతు లేకపోయినా ఫరవాలేదు, ఓటు హక్కు వరకూ వేరే సభ్యత్వం ఉంది. 2025లో సియాటిల్ సభకి అది 50 డాలర్లు, అంటే మన డబ్బులో నాలుగు వేల పైమాట. రాకెట్టు బొమ్మకి ఓటేయడానికి నాలుగు వేలా అంటారా? ఆ మాటకొస్తే మన ఊళ్ళలో బెనిఫిట్ షో టిక్కెట్టు బ్లాకులో ఎంతకి కొంటున్నామో నన్ను చెప్పమనకండి.

అభిమానులే ఓటర్లు అనగానే మీకో అనుమానం వచ్చుండాలి. నాకూ వచ్చింది. నా స్నేహితుడొకడు ఏదో పోటీలో తన హీరోకి పదకొండు ఈమెయిల్ ఐడీలతో ఓట్లు గుద్ది, పన్నెండోది పాస్‌వర్డ్ మరిచిపోయి బాధపడ్డవాడు. అలాంటివాళ్ళు అమెరికాలో మాత్రం ఉండరా? ఉంటారు. కాకపోతే వాళ్ళని తట్టుకోవడానికి హ్యూగోవాళ్ళు పెట్టుకున్న ఏర్పాట్లున్నాయే, అవీ ఈ వారం నేను చెప్పదలుచుకున్నవి.

మొదటిది లెక్కించే పద్ధతి. ఒక పేరుకి టిక్కు పెట్టి ఊరుకోవడం కాదు. 1, 2, 3 అని వరస రాయాలి. ఒక కాలేజీలో వందమంది ఉన్నారనుకుందాం. ఒక సినిమాకి 40, రెండోదానికి 35, మూడోదానికి 25 వచ్చాయి. మన లెక్కన 40 వచ్చినది గెలిచేసింది, విజిళ్ళు మొదలు. హ్యూగో లెక్కన అప్పుడే కాదు. ఆఖరున ఉన్నదాన్ని తీసేస్తారు. ఆ 25 మందీ తమ కాగితాల్లో రెండో స్థానం ఎవరికిచ్చారో చూస్తారు. వాళ్ళంతా రెండో సినిమాకే ఇచ్చి ఉంటే దానికి 60 అవుతాయి, అదే గెలుస్తుంది. అంటే కొంతమంది ప్రాణమిచ్చే సినిమా కన్నా ఎక్కువమంది 'బాగుందోయ్' అనే సినిమాకే ఇక్కడ బలం.

రెండోదే అసలు తమాషా. జాబితా చివర 'ఎవరికీ వద్దు' అని కూడా ఒక పోటీదారుంటాడు. మన ఓటింగ్ మిషన్లలో 2013 నుంచి నోటా మీట ఉంది కదా, అలాంటిదన్నమాట. మన నోటాకి ఎన్ని ఓట్లొచ్చినా మిగతావాళ్ళలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. హ్యూగోలో అలా కాదు. 'ఎవరికీ వద్దు' నెగ్గిందా, ఆ యేడు ఆ బహుమతి లేనట్టే! 1958లో మొదటిసారి సినిమాకి హ్యూగో ఇచ్చారు, 'ది ఇంక్రెడిబుల్ ష్రింకింగ్ మేన్'కి. మరుసటి యేడే 'ఎవరికీ వద్దు' గెలిచి కూర్చుంది. 1963లో మళ్ళీ, 1971లో మళ్ళీ, 1977లో మళ్ళీ! ఆ 1977 కథ ఇంకా బాగుంటుంది. 'స్టార్ వార్స్' ఆ యేడే మే నెలలో విడుదలై ఊపేస్తోంది. కానీ పోటీ 1976 సినిమాలకి. అభిమానులు పాత సినిమాలన్నిటినీ పక్కన పెట్టేశారు. 'స్టార్ వార్స్'కి నిబంధన ఒప్పుకోదు కాబట్టి ప్రత్యేక బహుమతి అని వేరే ఇచ్చారు. అసలు హ్యూగో 1978లో దానికి ఎలాగూ వచ్చింది.

ఇక విభాగాలు. ఎవరు ఎవరితో పోటీ పడాలన్న దగ్గరే సగం గెలుపోటములు తేలిపోతాయి. చాలా కాలం సినిమాలనీ టీవీ ఎపిసోడ్లనీ ఒకే గాట కట్టారు. 1968లో పోటీకి నిలిచిన అయిదూ 'స్టార్ ట్రెక్' ఎపిసోడ్లే. ఏది గెలిచినా ఇంట్లోవాళ్ళే అన్నమాట! చివరికి 2003లో ఆస్తి పంపకాలు చేశారు. 90 నిమిషాలు గీత. పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు. మరి 2004లో చిన్నవాటిలో ఏది గెలిచిందనుకున్నారు? ఎమ్‌టీవీ సినిమా అవార్డుల్లో గొల్లుమ్ పాత్ర అందర్నీ బండబూతులు తిట్టే కొద్ది నిమిషాల ఉపన్యాసం! సీరియల్ ఎపిసోడ్లన్నీ దాని ముందు బలాదూర్. నాకైతే హ్యూగో చరిత్రలో అంతకన్నా నచ్చిన గెలుపు లేదు.

కొత్త విభాగం పెట్టాలంటే ఊరికే కుదరదు. వరుసగా రెండేళ్ళు, రెండు సభల్లో, చేతులెత్తి ఒప్పుకోవాలి. ఒక ఊళ్ళో గుంపు కట్టి నెగ్గినా మరుసటి యేడు ఇంకో ఊళ్ళో మళ్ళీ నెగ్గాలి. వీడియో ఆటలకి 2024 నుంచి శాశ్వత విభాగం వచ్చింది ఇలాగే.

ఇంత చేసినా గుంపులు రాకుండా ఉంటాయా? 2015లో వచ్చాయి. 'శాడ్ పపీస్', 'రాబిడ్ పపీస్' అని పేర్లు పెట్టుకుని, ఫలానా జాబితాయే నామినేట్ చేయండని ప్రచారం చేశారు. మిగతావాళ్ళ ఓట్లు చెల్లాచెదురుగా పడటంతో కొన్ని వందల మందే విభాగాలకి విభాగాలు ఆక్రమించేశారు. అభిమానులకి ఒళ్ళు మండింది. ఒకే రాత్రి అయిదు విభాగాల్లో 'ఎవరికీ వద్దు' గెలిచింది! అయితే ఆ జాబితాలోనే ఉన్న 'గార్డియన్స్ ఆఫ్ ది గేలక్సీ'కి మాత్రం బహుమతి ఇచ్చారు. సినిమా మంచిదైతే దాన్నెందుకు శిక్షించడం? ఈ విచక్షణ మన ఫాన్సు యుద్ధాల్లో నాకింకా కనబడలేదు. ఆ తర్వాత 2017 నుంచి నామినేషన్ల లెక్క మార్చారు. ఒకరికి ఒకే పాయింటు, రాసిన పేర్లన్నిటికీ అదే పంచుతారు. గుంపుగా ఒకే జాబితా రాసినవాళ్ళ పాయింట్లు ముక్కలైపోతాయి.

బయటి గుంపుల సంగతి సరే, లెక్క పెట్టేవాళ్ళే తేడా చేస్తే? 2023లో చైనాలోని చెంగ్డూ సభలో ఆ ముచ్చటా తీరింది. తగినన్ని ఓట్లు పడ్డా ఆర్.ఎఫ్. కువాంగ్ నవల 'బేబెల్'నీ, 'శాండ్‌మన్' సీరియల్ ఎపిసోడ్‌నీ 'అర్హత లేదు' అని తీసేశారు. కారణం చెప్పలేదు. అసలు తీసేసినట్టు తెలిసిందెలా? లెక్కలన్నీ 90 రోజుల్లో బయటపెట్టాలని హ్యూగో నిబంధన. గడువు ముగిసే వేళకి, 2024 జనవరిలో బయటపెట్టక తప్పలేదు. చూసినవాళ్ళు గొడవ చేశారు. ఫిబ్రవరిలో ఈమెయిళ్ళు బయటికొచ్చాయి. పోటీదారులు చైనా రాజకీయాల గురించి ఎక్కడేం రాశారో నిర్వాహకులే వెతికి పోగేశారట! రహస్యంగా లెక్క పెట్టే బహుమతైతే ఈ సంగతి మనదాకా వచ్చేదే కాదు.

అందుకేనేమో, 2024లో గ్లాస్గోవాళ్ళు ఫలితాలకి ముందే నోరు విప్పారు. 3,813 ఓట్లలో 377 దొంగవని కొట్టేశామని చెప్పేశారు. ఎలా పట్టుకున్నారనుకున్నారు? ఇంటిపేర్లన్నీ ఒకటే, మొదటి అక్షరం మాత్రం ఏ, బీ, సీ, డీ అని మారుతూ పోయిందట! ఇంకో బ్యాచ్‌లో పేర్లు వరస అంకెలట. మా పదకొండు ఐడీలవాడికి ఈ మాట చెబితే, "అంత బద్ధకమా!" అని చీదరించుకున్నాడు.

మన సినిమాల సంగతేమిటని అడుగుతారు. 'బాహుబలి 2'కి 2018లో, 'ఆర్.ఆర్.ఆర్.'కి 2022లో వచ్చింది శాటర్న్ అవార్డు, అది వేరే సంస్థది. హ్యూగో దగ్గర మనకో పాత బాకీ ఉందని నా లెక్క. 1991 జూలైలో 'టెర్మినేటర్ 2' వచ్చింది. అదే నెలలో సింగీతంగారి 'ఆదిత్య 369' కూడా వచ్చింది. 1992లో ఓర్లాండోలో రాకెట్టు 'టెర్మినేటర్'ని వరించింది. మన కాలయంత్రాన్ని ఆ ఓటర్లు చూసే దారేది? చూడనిదానికి ఏ అభిమానీ ఓటెయ్యడు కదా.

సరే, ఒక పని చేయండి. మీ కాలేజీలోనో రూమ్‌లోనో నిరుటి తెలుగు సినిమాలు అయిదు రాసి, ఆరోది 'ఎవరికీ వద్దు' అని చేర్చి, 1, 2, 3 వేయించండి. లెక్క అందరి ముందూ పెట్టండి. ఏది గెలిచిందో నాకు రాయండి. ఆరోది గెలిస్తే మరీ వెంటనే రాయండి!