గెలవని క్యాండిడేటు అడిగిన ప్రశ్న: సర్కారు వకీలు ఎవరి వకీలు?



"గెలవని వాళ్లకు ఓటేస్తే దండగ." ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ మన గూడేల్లో వినపడే మాట ఇది. పెద్ద పార్టీల వాళ్లు అంటే అర్థం చేసుకోవచ్చు, వాళ్ల అవసరం అది. హాస్టళ్లలో ఉండి లా, ఎంఏ చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా అదే అంటుంటే మాత్రం మాకు బాధగా ఉంది. అందుకే ఈ పోస్టు. చెప్పబోయేది 2008లో అమెరికాలో జరిగిన ఒక ఎలక్షన్ గురించి. ఓపిగ్గా చదవండి, మనకేం సంబంధమో మీకే తెలుస్తుంది.

అమెరికా ఈశాన్య మూలన వెర్మాంట్ అని ఒక చిన్న రాష్ట్రం ఉంది. జనాభా ఆరు లక్షల పైచిలుకు, అంతే. అక్కడ అటార్నీ జనరల్ అంటే రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద వకీలు. మన అడ్వొకేట్ జనరల్ లాంటి పదవే గానీ, అధికారాలు ఎక్కువ, కేసులు కూడా పెట్టొచ్చు. పైగా ఆ వకీలును జనమే రెండేళ్లకోసారి ఓటేసి ఎన్నుకుంటారు. 2008లో ఆ పదవికి డెమోక్రాట్ విలియం సోరెల్ మళ్లీ నిలబడ్డారు. ఆయన 1997 నుంచీ ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆయన మీద ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున షార్లెట్ డెనెట్ అనే లాయరు పోటీ చేశారు. డెమోక్రాట్, రిపబ్లికన్ రెండూ కాని మూడో పార్టీ అది.

ఆమె ఇచ్చిన హామీ ఒక్కటే దేశమంతా వినపడింది: నేను గెలిస్తే, ప్రెసిడెంట్ జార్జి బుష్ పదవి దిగాక ఆయన మీద హత్య కేసు పెడతాను. 2003లో మారణాయుధాలు ఉన్నాయని చెప్పి ఇరాక్ మీద యుద్ధానికి పోయారు. ఆయుధాలు దొరకలేదు. 2008 నాటికి నాలుగు వేలకు పైగా అమెరికా సైనికులు చనిపోయారు, చనిపోయిన ఇరాకీలకు లెక్కే లేదు. అబద్ధం చెప్పి పంపితే, ఆ చావులకు పంపినవాడిదే బాధ్యత అన్నది వాదన. చార్లెస్ మాన్సన్‌కు శిక్ష వేయించిన పేరున్న ప్రాసిక్యూటర్ విన్సెంట్ బుగ్లియోసి ఆ ఏడాదే దీని మీద పుస్తకం రాశారు. ఏ రాష్ట్రం బిడ్డ ఆ యుద్ధంలో చనిపోయాడో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్‌కు కేసు పెట్టే అధికారం ఉందన్నారు. ఆయన్నే ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా పెట్టుకుంటానని డెనెట్ ప్రకటించారు.

ఓడిపోయారు. పదో వంతు ఓట్లు కూడా రాలేదు. సోరెల్ సులువుగా గెలిచారు.

"అదే కదా మేం చెప్పేది" అంటారు మన దండగ ఓటు మేధావులు. ఒక్కో మాటకు జవాబు చెప్తాం.

"పబ్లిసిటీ కోసం చేసింది." కాదు. ఆ ఏడాది మార్చిలోనే వెర్మాంట్‌లో బ్రాటిల్‌బరో, మార్ల్‌బరో అనే రెండు ఊళ్లు బుష్, చెనీల మీద నేరారోపణ చేయాలని ఓటేసి తీర్మానించాయి. ఊరు అడిగింది. పెద్ద పార్టీలు వినలేదు. ఊరి మాటను బ్యాలెట్ మీదకు తీసుకుపోయిన మనిషి ఆమె. దాన్ని పబ్లిసిటీ అంటే, గ్రామసభ తీర్మానాన్ని పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చునే మనవాళ్లదీ పబ్లిసిటీయే అవ్వాలి.

"ఓట్లు చీల్చింది." అంత తేడాతో గెలిచిన చోట ఏం చీలింది?

"ఆ ఆఫీసుకు అంత అధికారం లేదు." అది కోర్టు తేల్చాల్సిన మాట. మాజీ ప్రెసిడెంటును క్రిమినల్ కేసులో నిలబెట్టొచ్చా అన్న ప్రశ్న పదహారేళ్ల తర్వాత అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జూలైలో వచ్చిన ట్రంప్ తీర్పు పదవిలో చేసిన పనులకు చాలా రక్షణ ఇచ్చింది. డెనెట్ లాంటి వాళ్లు కోరుకున్న తీర్పు అది కాదు. కానీ 2008లో జోక్ అన్న ప్రశ్నే ఈ రోజు ఆ దేశంలో పెద్ద రాజ్యాంగ ప్రశ్న.

ఇక మన సంగతికి వద్దాం. వెర్మాంట్‌లో అబెనాకీ ఆదివాసీలు ఉన్నారు. లైసెన్స్ లేకుండా చేపలు పట్టారని వాళ్ల మీద సర్కారు కేసులు పెట్టింది. ఇది మా తాతల నేల, మా నీళ్లు అని వాళ్లు కోర్టులో వాదించారు. 1992లో వెర్మాంట్ సుప్రీంకోర్టు, చరిత్ర గడిచే కొద్దీ మీ హక్కు పోయింది పొమ్మని తేల్చింది. తర్వాత మిసిస్కోయ్ అబెనాకీలు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు అడిగితే, వీళ్లకు అర్హత లేదని 2002 చివర్లో పెద్ద రిపోర్టు రాసి పంపింది ఎవరనుకున్నారు? అదే అటార్నీ జనరల్ ఆఫీసు. అప్పుడు కుర్చీలో ఉన్నది సోరెలే. 2007లో గుర్తింపు ఇవ్వమని కేంద్రం చెప్పేసింది. ఆ గుంపుల వారసత్వం మీద కెనడాలోని ఒడనాక్ అబెనాకీలకే అభ్యంతరాలున్నాయి, ఆ తగువు మనం తీర్చేది కాదు. మేం అడిగేది వేరే: ఆదివాసీకి ఎదురుగా రాష్ట్రం ఖర్చుతో వాదించే వకీలు ఎవరో తేల్చే ఎలక్షన్ చిన్న ఎలక్షనా?

డెనెట్ కూడా ఆదివాసీల కథ తెలియని మనిషి కాదు. భర్త జెరార్డ్ కోల్బీతో కలిసి 1995లో అమెజాన్ ఆదివాసీల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. మత ప్రచారకులు, రాక్‌ఫెల్లర్ వ్యాపార ప్రయోజనాలు, అడవి భూములు ఎలా కలిసి నడిచాయో అందులో రాశారు.

ఇప్పుడు మన రాష్ట్రాలు చూడండి. సమత కేసు పూర్తి పేరే "సమత వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం". అనంతగిరి, బొర్రా కొండల్లో గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టులో మనం గెలిచింది ఎవరి మీద? మన సర్కారు మీదే. మరి 2020 ఏప్రిల్ 22న జీవో 3ను సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మన టీచర్ పోస్టులను కాపాడాల్సింది కూడా ఆ సర్కారు వకీళ్లే. గని కేసులో ఎదురుగా నిలబడతారు, ఉద్యోగాల కేసులో మన పక్కన ఉండి ఓడిపోతారు. ఎట్లా వాదించారో, ఏ కాగితాలు పెట్టారో మన గూడెంలో ఎవరికైనా చెప్పారా?

మన దగ్గర అడ్వొకేట్ జనరల్‌ను ఆర్టికల్ 165 ప్రకారం గవర్నర్ నియమిస్తారు. ఓటు లేదు, క్యాండిడేటూ లేడు. ఇక్కడా ఎలక్షన్ పెట్టమని మేం అనడం లేదు. ఎలక్షన్ పెట్టినా డబ్బున్నోడే గెలిచేది. కానీ ఓటు లేని చోట ప్రశ్న కూడా ఉండకూడదని ఎవరన్నారు?

మేం అడిగేవి మూడే. షెడ్యూల్డ్ ఏరియాల కేసుల్లో ప్రభుత్వం వేసే అఫిడవిట్లు తెలుగులో బయటపెట్టాలి. ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్‌లో వాటి మీద చర్చ జరగాలి. భూమి, గనుల కేసుల్లో గ్రామసభ తీర్మానాన్ని ప్రభుత్వమే కోర్టు ముందు పెట్టాలి. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన గౌరవానికి అర్థం అదే.

ఇవి అడిగితే గెలుస్తామా అంటారు. ఇప్పటికిప్పుడు గెలవకపోవచ్చు. డెనెట్ కూడా గెలవలేదు. కానీ ఎవరి వకీలువు నువ్వు అని ఆ ఆఫీసును నలుగురిలో నిలబెట్టి అడిగారు. వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానం రాయించండి. లా చదివే వాళ్లు ముసాయిదా రాయడానికి ముందుకు రండి. తీర్మానం కాపీ ఇక్కడ పెట్టండి, ఎన్ని గూడేలు అడిగాయో మనమే లెక్క కడదాం.

జై ఆదివాసీ.