ఈకలు రాలితే టానిక్ కాదు, తిండి మార్చండి

కాకటీల్ చిలుక పిల్లకు ఈకలు సరిగా రావడం లేదంటే చాలు, పక్షులమ్మే కొట్టువాళ్లు టానిక్ సీసా చేతిలో పెడతారు. నేనైతే ముందు గిన్నెలో ఏముందో చూడమంటాను. చాలా ఇళ్లలో పొద్దుతిరుగుడు గింజలే ఉంటాయి. వాటిలో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ దాదాపు సున్నా. ఈకలో ఎక్కువ భాగం కెరాటిన్ అనే మాంసకృత్తే. అందుకే మా కాకటీల్ పిల్లకు పెల్లెట్లతో పాటు మునగాకు, క్యారెట్ తురుము, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు ముక్క పెడతాను.

రాలిన ఈకను వెలుతురుకు పట్టి చూడండి. అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తే, ఆ ఈక పెరిగే రోజుల్లో పక్షికి తిండో ఆరోగ్యమో దెబ్బతిన్నట్టే. ఎదిగిన ఈక మళ్లీ బాగుపడదు, మార్పు కొత్త ఈకల్లోనే తెలుస్తుంది. కాబట్టి ఓపిక పట్టాలి. నీళ్ల తుంపర స్నానం, 10 నుంచి 12 గంటల నిద్ర, ఉదయపు నీరెండ తప్పనిసరి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ చాలదు. పక్షి తన ఈకలు తానే పీక్కుంటుంటే పశువైద్యుడికి చూపించండి.

చిలుకను పెంచుకోవాలనుకునేవారికి చివరిగా ఒక్క మాట. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎంత ముద్దొచ్చినా కొనకండి.