ఎరువుల దుకాణానికి సైబర్ భద్రతా పాఠం

ఎరువులు, విత్తనాల దుకాణాల్లో చెల్లింపులు, నిల్వల లెక్కలు, రైతుల ఫోన్ నంబర్లు నేడు ఒకే ఫోనులో ఉంటున్నాయి. అది తరచుగా గుమాస్తా చేతిలోనే ఉంటుంది. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును అతడు తెరిచి అనుమతులిస్తే, ఓటీపీలు మోసగాళ్లకు చేరవచ్చు. రైతుల వివరాలూ బయటపడవచ్చు. అప్పుడు గుమాస్తాను నిందించడం న్యాయం కాదు. నేర్పవలసిన బాధ్యత యజమానిదే. సొమ్ము స్వీకరించడానికి యూపీఐ పిన్ అవసరం లేదని, స్క్రీన్‌షాట్‌ను నమ్మక ఖాతాలో జమ చూసుకోవాలని, మోసపోయిన వెంటనే 1930కు ఫోన్ చేయాలని ప్రతి ఉద్యోగికీ తెలియాలి. పొరపాటును దాచకుండా చెప్పగల ధైర్యమూ ఉండాలి. డీలర్ల కోసం హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ప్రారంభించిన ‘దేశీ’ డిప్లొమా తరగతుల్లో, పురుగుమందుల భద్రతతో సమానంగా ఈ అంశాన్నీ బోధించడం అవసరం.