92 ఏళ్ళ కుర్రవాడు

పిల్లలూ, బడి కంప్యూటరు మీ వివరాలు పంపి, దూరానున్న మరో కంప్యూటరు చేత పని చేయించుకుంటుంది. ఇక్కడి ప్రోగ్రాము కొత్తదీ, అక్కడిది పాతదీ అయితే ఎలాగ?

గూగుల్ వారు 2008లో అందరికీ ఇచ్చిన ప్రోటోకాల్ బఫర్స్ పద్ధతిలో ఒక పట్టిక రాస్తే, దాన్నిబట్టి కంపైలరు రెండు వైపులకూ కోడ్ తయారుచేస్తుంది. సందేశంలో "వయస్సు" అనే మాట వెళ్ళదు. దానికిచ్చిన 2 అనే అంకె వెళుతుంది. కొత్తగా 3 చేర్చినా బాధ లేదు. పాత ప్రోగ్రాము తనకు తెలియని అంకెను దాటి, మిగతావి చదువుకుంటుంది. కాని వయస్సు తీసేసి ఆ 2నే మార్కులకిచ్చారో, మీ 92 మార్కులు చూసి మీకు 92 ఏళ్ళంటుంది! తప్పని దానికి తోచనే తోచదు. మా అడ్మిషన్ రిజిస్టరులో కూడా వెళ్ళిపోయినవాడి నంబరు ఇంకొకడికి ఇచ్చేవాళ్ళం కాము. అందుకే, తీసేసిన అంకెను పట్టికలో "రిజర్వుడు" అని రాసిపెడతారు. మరచిపోయి ఎవరైనా మళ్ళీ వాడబోతే, కంపైలరు అక్కడే ఆపేస్తుంది.