ఆగిన గుండె మళ్లీ కొట్టుకోవాలంటే..

గుండె ఆగితే అంతా అయిపోయినట్టేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. గుండె మార్పిడి విషయంలో డాక్టర్లూ చాలాకాలం అదే నమ్మారు. దాత బ్రెయిన్‌డెడ్ అయి ఉండాలి, గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉండాలి. 2014లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి బృందం ఈ పద్ధతిని దాటి ముందుకెళ్లింది. ఆగిపోయి 20 నిమిషాలైన గుండెను మళ్లీ కొట్టుకునేలా చేసి మరొకరికి అమర్చింది.

ఇది రాత్రికి రాత్రి జరిగిన అద్భుతం కాదు. గుండె కణాలు పాడవకుండా కాపాడే ద్రావణం కోసం విక్టర్ చాంగ్ పరిశోధన సంస్థతో కలిసి 12 ఏళ్లు శ్రమించారు. రెండో అటెంప్ట్‌లో సెలెక్ట్ కాకపోతేనే డీలాపడిపోయేవారు ఈ లెక్కను ఓసారి గుర్తుచేసుకోవాలి. ఇక రెండో ఆసరా ఒక యంత్రం. బయటికి తీసిన గుండెలోకి అది వెచ్చని రక్తాన్ని పంపుతుంది. గుండె అందులోనే కొట్టుకోవడం మొదలెడుతుంది. పనికొస్తుందో లేదో చూశాకే రోగికి అమరుస్తారు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? అమెరికాలో 180 మందికి జరిగిన గుండె మార్పిడులను పోల్చి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. రోగుల మధ్య తేడాలను సరిచేసి లెక్కిస్తే, ఆరు నెలల తర్వాత బతికున్నవారు ఆగిన గుండె పొందినవారిలో 94 శాతం, బ్రెయిన్‌డెడ్ దాతల గుండె పొందినవారిలో 90 శాతం. అంటే కొత్త పద్ధతి పాతదానికి తీసిపోలేదు.

అసలు చిక్కు యంత్రంతో కాదు, నమ్మకంతో. ఇక కోలుకునే ఆశ లేదని డాక్టర్లు, కుటుంబం కలిసి నిర్ణయించాక వెంటిలేటర్ తీసేస్తారు. గుండె ఆగుతుంది. ఆగిన వెంటనే ఎవరూ చేయి వేయకూడదు. చాలా దేశాల్లో 2 నుంచి 5 నిమిషాలు ఆగి, మరణాన్ని ధ్రువీకరించాకే ఆపరేషన్ బృందం ముందుకొస్తుంది. చికిత్స ఆపాలని నిర్ణయించే డాక్టర్లు వేరు, అవయవాలు తీసే డాక్టర్లు వేరు. ఈ గీత చెరిగితే ‘అవయవాల కోసమే ప్రాణం తీశారు’ అనే అనుమానం పుడుతుంది. అది పుట్టాక ఎంత గొప్ప యంత్రం ఉన్నా గుండె ఇచ్చేవారుండరు.

మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసింది మన రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పి.వేణుగోపాల్. బ్రెయిన్‌డెత్‌ను గుర్తించే చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఇప్పటికీ ఇక్కడ గుండెలు ప్రధానంగా బ్రెయిన్‌డెడ్ దాతల నుంచే వస్తున్నాయి. వెంటిలేటర్ తీసేయడానికి సుప్రీంకోర్టు 2018లో దారి చూపి, 2023లో సులభతరం చేసినా రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. ఆ జాగ్రత్త అవసరమే. కొత్త పద్ధతి ఇక్కడికీ రావాలి. అయితే యంత్రాలు కొనేముందు నమ్మకం నిలబెట్టే మనుషుల్ని తయారుచేసుకోవాలి.

ఇక్కడే మీ పని ఉంది. నీట్ ర్యాంకు రాలేదని వైద్యరంగం తలుపులు మూసుకుపోయాయనుకునే బైపీసీ విద్యార్థులు ఎందరో. ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రంతో నడిపించేది పెర్‌ఫ్యూజనిస్టు. దానికి ప్రత్యేకంగా పెర్‌ఫ్యూజన్ టెక్నాలజీ డిగ్రీ ఉంది. ఇలాంటి కోర్సులకు, వృత్తులకు ఒక క్రమం తేవడానికి 2021లో కేంద్రం చట్టం చేసింది. చేరేముందు కాలేజీకి గుర్తింపు ఉందా, ఆపరేషన్ థియేటర్‌లో నిజంగా శిక్షణ ఇస్తారా అన్నది తప్పక కనుక్కోండి. ఇంజినీరింగ్ వారికి బయోమెడికల్ పరికరాల రంగం ఉండనే ఉంది.

చాలామందికి తెలియని మరో ఉద్యోగం ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్. అవయవ మార్పిడి చేసే ఆసుపత్రికి ఈ కోఆర్డినేటర్ ఉంటేనే రిజిస్ట్రేషన్. నిబంధనల ప్రకారం నర్సులే కాదు, ఏ డిగ్రీ ఉన్నవారైనా అర్హులే. సోషల్ వర్క్, సోషియాలజీ లాంటి పీజీ ఉంటే ప్రాధాన్యం. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మెట్రో ఒక గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు చేర్చింది. అంతా రైలు వేగం గురించే మాట్లాడుకున్నారు. కానీ ఏ గుండె ప్రయాణమైనా ఓ కుటుంబం ‘సరే’ అన్నాకే మొదలవుతుంది.

ఐసీయూ బయట కూర్చున్న తల్లికి ఆమె యాసలో, ఆమెకు అర్థమయ్యేలా విషయం చెప్పాలి. ఒత్తిడి చేయకూడదు. ఆమె ‘వద్దు’ అంటే గౌరవించి లేచి రావాలి. రెజ్యుమేలో ఈ నైపుణ్యానికి గడి ఉండదు. ఈ ఉద్యోగంలో మాత్రం రోజూ దానితోనే పని.