తర్వాతి బాండ్ ఎవరైతే మనకేంటి?

మా డిపార్ట్‌మెంటులో టీ వేళ కబుర్లు మామూలుగా డి.ఏ. బకాయిల దగ్గర మొదలై పిల్లల ర్యాంకుల దగ్గర ముగుస్తాయి. ఆ రోజు జేమ్స్ బాండ్ దగ్గర చిక్కుకున్నాయి. తర్వాతి బాండ్‌గా ఎవరొస్తే బాగుంటుందని ఇద్దరు సహోద్యోగులు హోరాహోరీగా వాదించుకుంటున్నారు. ఉన్నట్టుండి ఒకాయన నా వైపు తిరిగి, "ఏమంటారు మేడమ్, మీ స్త్రీవాదులు ఈసారి ఆడబాండ్ కావాలంటారేమో!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానా అన్న చికాకు మాత్రం సాయంత్రం దాకా వదల్లేదు. అప్పుడు ఆయనకివ్వని జవాబు ఇది.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ సినిమాలు నేనూ ఇష్టంగా చూశాను. మా నాన్న కృష్ణ అభిమాని. 1966 నాటి 'గూఢచారి 116' టీవీలో వస్తే ఇల్లంతా దాని ముందే ఉండేది. ఇంగ్లీషు బాండ్ నాకు ఆ తర్వాత పరిచయమయ్యాడు. పదేళ్ల వయసులో రెండు వేళ్లు పిస్తోలులా చాపి వాకిట్లో తిరిగేటప్పుడు నేను బాండ్‌ని. అతని పక్కనుండే అమ్మాయిని ఒక్కసారీ కాలేదు. కథలో నిర్ణయాలు తీసుకునేది, చివరిదాకా బతికేది, మళ్లీ వచ్చే సినిమాలో కనిపించేది అతనేనని ఆ వయసుకే తెలిసిపోయింది. ఆ సినిమా నచ్చాలంటే ఆడపిల్ల కాసేపు మగవాడైపోవాలి. మనలో చాలామందిమి సాహిత్యాన్ని కూడా అలాగే చదువుతూ పెరిగాం కదా!

1962లో 'డాక్టర్ నో'తో మొదలైన ఈ వరసలో 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' 25వది. ఆరుగురు నటులు మారారు. 2025 ఫిబ్రవరిలో ఈ సినిమాల మీద సృజనాత్మక అధికారం బ్రోకలీ కుటుంబం చేతుల్లోంచి అమెజాన్ ఎం.జి.ఎం. స్టూడియోస్‌కి పోయింది. ఆ ఏడాదే దర్శకుడిగా డెనీ విల్నవ్‌నీ, రచయితగా స్టీవెన్ నైట్‌నీ ప్రకటించారు. ఇక హీరో సంగతి. వయసెంత, ఎత్తెంత, తెల్లవాడా నల్లవాడా... పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ఆరాలు తియ్యరు. 2005లో డేనియల్ క్రెయిగ్‌ని ఎంచుకున్నప్పుడు అతని జుట్టు రంగు బాండ్‌ది కాదని గొడవ చేసినవాళ్లున్నారు. అచ్చమైన ఇంగ్లీషువాడే కావాలని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. మొదటి బాండ్ షాన్ కానరీ స్కాట్లండ్ వాడు, రెండోవాడు జార్జ్ లేజెన్‌బీ ఆస్ట్రేలియా వాడు, పియర్స్ బ్రాస్నన్ ఐర్లండ్ వాడు!

అంటే పుట్టిన దేశం మారినా ఫరవాలేదు, జుట్టు రంగు మారినా ఫరవాలేదు. మారనిది ఆ పాత్ర చేతిలోని లైసెన్సు. చంపడానికి లైసెన్సు అని పైకి చెబుతారు. కాగితం మీద రాయకుండా ఇచ్చిన రెండో లైసెన్సు ఇంకొకటుంది. అది ఆడవాళ్ల శరీరాల మీద.

1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' చూడండి. పశువుల కొట్టంలో పుస్సీ గలోర్ తోసేస్తున్నా, పెనుగులాడుతున్నా బాండ్ ఆమెని అదిమిపట్టి లొంగదీసుకుంటాడు. ఆ తర్వాత ఆమె విలన్‌ని వదిలేసి మంచిపక్షం చేరిపోతుంది. బలాత్కారం ఆమెకి బుద్ధి నేర్పిందన్నమాట! మరుసటి ఏడాది వచ్చిన 'థండర్‌బాల్'లో ఆరోగ్యకేంద్రంలో పనిచేసే ఒక యువతి, తన అజాగ్రత్త వల్లే బాండ్‌కి ప్రమాదం జరిగిందనుకుని ఉద్యోగం పోతుందని భయపడుతుంది. తన మౌనానికి ఒక ధర ఉంటుందని బాండ్ సూచిస్తాడు. బాండ్ పేరు తీసేసి ఈ సంఘటనని ఏ ఆఫీసు ఫిర్యాదుల కమిటీ ముందు పెట్టినా దాన్నేమంటారో మనకి తెలుసు. 'డాక్టర్ నో'లో సముద్రంలోంచి నడిచొచ్చే ఉర్సులా ఆండ్రెస్‌ని లోకమంతా చూసింది. విన్నది మాత్రం నిక్కీ వాన్ డర్ జైల్ గొంతుని. ఆమె పేరు తెరమీద పడలేదు. ఒక స్త్రీ దగ్గర శరీరం, ఇంకో స్త్రీ దగ్గర గొంతు తీసుకుని తయారుచేసినదే మొదటి 'బాండ్ గర్ల్'.

"అవన్నీ పాతకాలం సంగతులండీ, ఇప్పుడు మారిపోయింది" అనేవాళ్ల కోసమే 2012 నాటి 'స్కైఫాల్' ఉంది. అందులో సెవెరిన్ చిన్నతనంలోనే వ్యభిచార వ్యాపారానికి అమ్ముడుపోయిన మనిషి. ఆ సంగతిని బాండే పసిగడతాడు. పసిగట్టినవాడు ఆ తర్వాత ఏం చేస్తాడు? ఆమె స్నానం చేస్తుంటే చెప్పాపెట్టకుండా లోపలికి వెళతాడు. తర్వాత విలన్ ఆమె తలమీద విస్కీ గ్లాసు పెట్టి ఆమెనే కాల్చేస్తాడు. బాండ్ నోటివెంట వచ్చేది మంచి విస్కీ వృథా అయిందన్న మాట! 1995లో జూడీ డెంచ్ పోషించిన పై అధికారి ఎమ్, 'గోల్డెన్ ఐ'లో, నువ్వు స్త్రీద్వేషివి, కాలం చెల్లిన డైనోసార్‌వి అని బాండ్ మొహం మీదే అంటుంది. 'స్కైఫాల్' ఆమెని చంపేసి ఆ కుర్చీలో మగవాణ్ణి కూర్చోబెట్టింది. తుపాకీ పట్టుకుని మొదలైన మనీపెనీ ఆయన గది బయట బల్ల దగ్గరకి చేరింది. 2021లో నోమీ అనే నల్లజాతి స్త్రీకి 007 నంబరు ఇచ్చారు. సినిమా అయిపోకముందే ఆమె చేతే అది బాండ్‌కి తిరిగి ఇప్పించారు. స్త్రీలకి ఇచ్చినవన్నీ బదులిచ్చినవే.

మరి ఆడబాండ్ కావాలా? నాకక్కర్లేదు. అదే లైసెన్సుని ఒక స్త్రీ చేతికిస్తే సమానత్వం వస్తుందన్న భ్రమ నాకు లేదు. 2025 అక్టోబరులో బ్రిటన్ గూఢచారి సంస్థ ఎమ్.ఐ.6కి బ్లేజ్ మెట్రవెలీ అధిపతి అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆమే. సంతోషమే. కానీ కుర్చీలో ఎవరున్నారన్నది ఒక ప్రశ్న, ఆ కుర్చీ ఎవరి మీద ఏ అధికారం చలాయిస్తుందన్నది వేరే ప్రశ్న.

ఆ రెండో ప్రశ్న ఊహాజనితం కాదు. బ్రిటన్‌లోనే ఉద్యమకారుల మధ్యకి మారుపేర్లతో చొరబడిన పోలీసులు, ఆ ఉద్యమాల్లోని స్త్రీలతో ఏళ్ల తరబడి ప్రేమ నటించారు, కలిసి కాపురాలు చేశారు. పని అయిపోగానే మాయమయ్యారు. ఒకరికి బిడ్డ కూడా పుట్టాడు. వెతుక్కుంటూ, ఆరా తీసుకుంటూ ఆ స్త్రీలే నిజం బయటపెట్టారు. 2015 నవంబరులో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖ ఏడుగురు స్త్రీలకి క్షమాపణ చెప్పింది. అది వాళ్ల మానవ హక్కుల ఉల్లంఘన అని ఒప్పుకుంది. నిజజీవితంలో 'బాండ్ గర్ల్స్' అంటే వీళ్లు. సినిమాలో అయితే రెండో భాగంలో కనిపించరు. వీళ్లు కనిపించారు. కోర్టుకెక్కారు, మాట్లాడారు.

నాకు కావలసిన కథ అక్కడుంది. మొదటి రెండు బాండ్ సినిమాల రచనలో జొహానా హార్వుడ్ పేరుంది. ఆ తర్వాత రచయితల జాబితాలో మళ్లీ స్త్రీ పేరు రావడానికి 2021లో ఫీబీ వాలర్ బ్రిడ్జ్ దాకా ఆగాల్సొచ్చింది. 25 సినిమాల్లో ఒక్కదానికీ స్త్రీ దర్శకత్వం వహించలేదు. ఈ లెక్క గురించి స్టాఫ్ రూముల్లో ఎవరూ హోరాహోరీగా వాదించుకోరెందుకు?

అందుకని సార్, మీ బాండ్‌ని మీరే ఎంచుకోండి. తెల్లవాడైనా, నల్లవాడైనా, పొట్టివాడైనా నాకు అభ్యంతరం లేదు. నేనడిగేది ఒక్కటే. చెప్పాపెట్టకుండా అతను తలుపు తీసుకుని లోపలికొచ్చినప్పుడు, లోపలున్న ఆమె ఏమంటుందో ఎవరు రాస్తున్నారు? ఆమె 'బయటికి నడు' అంటే అతను నడుస్తాడా? నడిచాక కూడా అతను మీకు హీరోగానే కనిపిస్తాడా?

ఈసారి టీ వేళకి ఇదే అడగబోతున్నాను. నవ్వకుండా.