కితాబ్ మూసి చెప్పు బేటా

పోయిన నెల ఆపా ఇంటికి దావత్‌కి వెళ్లాను. తిన్నాక భాంజీని రిజల్ట్ సంగతి అడిగాను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ పడ్డాయి. "ఏమైంది బేటా?" అంటే, "మామూ, నేను విజువల్ లర్నర్‌ని. సార్లు నోటితో చెప్పుకుంటూ పోతారు, నాకు ఎక్కదు" అంది. కాలేజీకి ఎవరో వచ్చి పదహారు సవాళ్ల కాగితం ఇచ్చి టిక్కులు పెట్టించారట. అందులో అలా తేలిందట.

వంటింట్లోంచి ఆపా అందుకుంది: "నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న. దీని దిమాగ్ చదువుకు పనికొచ్చేది కాదు. మంచి రిష్తా వస్తే నికా చేసి బేఫికర్ అయిపోత."

తల్లి ఒకలా అంది, కూతురు ఇంగ్లిష్ ముక్క తగిలించి ఇంకోలా అంది. రెండిటి మతలబ్ ఒక్కటే: ఈ దిమాగ్ ఇంతే, మనం చేసేదేమీ లేదు. మన ఇళ్లలో ఎంతమంది పిల్లల తాలీమ్ ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయిందో మీకూ తెలుసు.

ఆ పదహారు సవాళ్ల కాగితం వెనక ఒక కథ ఉంది. 1992లో న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్, ఇంకొకరితో కలిసి, వార్క్ అనే పద్ధతిని ముందుకు తెచ్చారు. కొందరికి చూసి నేర్చుకోవడం ఇష్టం, కొందరికి విని, కొందరికి చదివి రాసి, కొందరికి చేతులతో చేసి. ఇష్టాలు ఉంటాయి, కాదనేవారు ఎవరూ లేరు. గలత్‌ఫహమీ ఆ తర్వాత మొదలైంది. ఎవరి ఇష్టానికి తగ్గట్టు వాళ్లకు చెప్తేనే బాగా నేర్చుకుంటారనే దావా పుట్టింది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు ఈ దావాకు సబూత్ ఏముందని పరిశోధనలన్నీ తిరగేశారు. సరైన పద్ధతిలో పరీక్షించినవే చాలా తక్కువ. వాటిలోనూ కొన్ని ఉల్టా ఫలితాలు చూపించాయి. ఈ దావాను నమ్మి క్లాసులు నడపడానికి తగిన ఆధారం లేదని తేల్చారు.

కొంచెం ఆలోచిస్తే మనకూ తెలుస్తుంది. గుండె ఎలా ఉంటుందో బొమ్మ లేకుండా ఎవరికీ అర్థం కాదు. ఉచ్చారణ వినకుండా ఎవరికీ రాదు. సర్క్యూట్ చేత్తో గీయకుండా ఎవరికీ పట్టుబడదు. ఎలా నేర్చుకోవాలో ఆ సబ్జెక్టే చెప్తుంది.

మరి బ్యాక్‌లాగ్ ఎందుకు పడింది? "ఎలా చదువుతావ్ బేటా?" అని అడిగితే నోట్సు తెచ్చి చూపించింది. పేజీల నిండా పసుపు, గులాబీ రంగు గీతలు. ఇంతెహాన్ ముందు రాత్రి మూడుసార్లు చదువుతుందట. చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుందట, హాల్లో కూర్చుంటే ఖాళీ.

ఈ ధోఖా మీద అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు ఒక తజుర్బా చేసి 2006లో ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్నిటిని రెండోసారి చదివించారు. కొన్నిటిని చదివాక కాగితం తీసేసి, యాదున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది: రెండుసార్లు చదివిన పాఠం 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసింది 56 శాతం. మళ్లీ చదవడం ఐదు నిమిషాలు ఖుష్ చేస్తుంది. ఇంతెహాన్ ఐదు నిమిషాల్లో ఉండదు కదా.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఛందస్సు పాఠం పదిసార్లు చదివి ఎర్ర పెన్నుతో గీతలు కొట్టాను. పరీక్షలో పద్యమిచ్చి గణవిభజన చేయమంటే చెయ్యి ఆడలేదు. "సాయిబుకు ఛందస్సు ఎట్లొస్తది?" అని ఒకరిద్దరు నవ్వారు. నేనూ అదే నమ్మాను. హాస్టల్లో ఒక దోస్త్ మాత్రం రోజూ పుస్తకం లాక్కుని, "ఉత్పలమాల గణాలు చెప్పు, ఒక పాదం విడగొట్టు" అనేవాడు. తప్పు చెప్తే మళ్లీ చెప్పించేవాడు. రెండు నెలలకు భ-ర-న-భ-భ-ర-వ నిద్రలో లేపి అడిగినా వచ్చేది. దిమాగ్ అదే, తరీఖా మారింది.

తమాషా ఏమిటంటే ఆ తరీఖా మా ఆపా ఇంట్లోనే ఉంది. భాంజీ తమ్ముడు హిఫ్జ్ చేస్తున్నాడు. మదర్సాలో రోజూ మూడు పనులు: కొత్త సబక్, ఈ మధ్య చేసిన సబక్ పారా, పాత పారాల ఆమూఖ్తా. దీన్నే కొన్నిచోట్ల మంజిల్ అంటారు. మూడూ ఉస్తాద్‌కు చూడకుండా వినిపించాలి. ముప్పై పారాలు గుండెలో నిలిచేది ఇలాగే. ఆ పిల్లాడు విజువలా ఇంకొకటా అని ఏ హాఫిజ్ సాబూ అడగలేదు. 2013లో డన్‌లాస్కీ బృందం పది చదువు పద్ధతులను తూకం వేసి, తనను తాను పరీక్షించుకోవడం, రోజుల మధ్య ఎడం ఇచ్చి చదవడం, ఈ రెండే అన్నిటికంటే ఫైదా అంది. రంగు గీతలు, మళ్లీ మళ్లీ చదవడం అట్టడుగున నిలిచాయి.

"అయితే ఇంజనీరింగ్ కూడా రట్టా కొట్టమంటారా?" అని అడుగుతారు. సవాల్ న్యాయమైనదే. అర్థం కాకుండా బట్టీ పడితే యూనివర్సిటీ చదువు నడవదు. మదర్సాల్లోనే పై క్లాసుల తలబాలు తక్రార్ చేస్తారు. ఉస్తాద్ చెప్పిన పాఠాన్ని ఒకరు మిగతావాళ్లకు మళ్లీ బోధిస్తారు. అర్థం కానిది ఆ చెప్పడంలోనే బయటపడుతుంది. మన పిల్లలకు కావాల్సింది ఈ రెండూ కలిపి.

భాంజీకి ఒక కాగితం మీద ఇలా రాసిచ్చాను. ఏ రోజు పాఠం ఆ సాయంత్రమే, నోట్సు మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయి. తర్వాత తెరిచి తప్పులు దిద్దుకో. ఇది సబక్. పోయిన వారం పాఠాల్లోంచి నాలుగు ప్రశ్నలకు చూడకుండా జవాబు రాయి. ఇది సబక్ పారా. ఆదివారం పాత యూనిట్ల లెక్కలు కలగలిపి చెయ్యి, జవాబు ముందు చూడకు. ఇది ఆమూఖ్తా. ఆ గంటసేపు ఫోన్ వేరే గదిలో పెట్టు. ముందు నీ ఇంటి భాషలో అర్థం చెప్పుకో, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయి. మొదటి పదిహేను రోజులు కష్టంగా ఉంటుంది, ఏమీ రావడం లేదనిపిస్తుంది. ఆ కష్టంలోనే యాద్ పక్కా అవుతుంది. రాత్రంతా మేలుకోవద్దు, నిద్రలోనూ జ్ఞాపకం గట్టిపడుతుంది.

అమ్మీ అబ్బాలకు నా అర్జీ ఒక్కటే. చదువురాని తల్లి కూడా కొడుకు సబక్ వింటుంది, తడబడితే గుర్తుపడుతుంది. ఇంజనీరింగ్ చదివే బిడ్డ సబక్ ఎందుకు వినకూడదు? "కితాబ్ మూసి చెప్పు బేటా, ఈ రోజు ఏం నేర్చుకున్నావ్?" అనడానికి డిగ్రీ అక్కర్లేదు. "నాకు సమజ్ కాలేదు, ఇంకోసారి చెప్పు" అంటే ఇంకా మేలు, రెండోసారి చెప్పేటప్పుడు బిడ్డకే సాఫ్ అవుతుంది.

మొన్న ఆపా ఫోన్ చేసింది. కూతురు రొట్టెలు చేస్తూ ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెప్పిందట. "సగం సమజైంది తమ్మీ" అంది. నికా మాట మాత్రం ఎత్తలేదు. సప్లిమెంటరీ ఇంకా రాయాలి, పాసవుతుందో లేదో తెలియదు. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ దిమాగ్ మాట మాట్లాడటం లేదు, మెహనత్ ఎలా చేయాలో మాట్లాడుతున్నారు.